పాత సింగర్ కుట్టు మిషను మడత బల్ల అసలుదో కాదో చూసి, వెల కట్టడం ఎలా?

పాత తొక్కుడు మిషను అమ్మేవాళ్లు మొదట అనే మాట, "వందేళ్లనాటిదండీ". అయితే ఏంటి? సింగర్ కంపెనీ వీటిని లక్షల్లో చేసింది. ఒట్టి వయసుకి ఎవరూ డబ్బివ్వరు. మిషను తలని, అంటే కుట్టే పైభాగాన్ని, లోపలికి దించి, మడత పలక మూసేస్తే మామూలు మేజాలా కనిపిస్తుంది చూశారా, ఆ బల్లకే ధర.

టార్చి, టేపు, స్క్రూడ్రైవరు, పొడిగుడ్డ తెచ్చుకోండి. ఇంకేమీ అక్కర్లేదు.

ముందు నంబరు. తల కింది పీఠం మీద, చేతి చక్రం వైపు కుడి మూలన ఉంటుంది. అక్షరం లేకుండా ఒట్టి అంకెలుంటే 1900కి ముందుది. ఎఫ్, వై, లేదా ఈతో మొదలయ్యే రెండక్షరాలుంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. జీ ఉంటే అమెరికాలో ఎలిజబెత్‌ది. నీలం అంచు బిళ్ల మీద 1851–1951 అని కనిపిస్తే అది కంపెనీ నూరేళ్ల గుర్తు. "1851 నాటి మిషను" అని నాకు ఫోన్ చేసినవాళ్లకి లెక్కే లేదు. ఇనుప కాళ్ల మీది అంకెలు పోత పోసిన అచ్చుల నంబర్లు, వాటిని సంవత్సరం అనుకోవద్దు.

ఇక అందరూ పాడుచేసే పని. ఆ పలక ఈ మిషనుతో పుట్టిందా, తర్వాత ఎవరైనా అతికించిందా?

తోలు బెల్టు తప్పించి, తలని వెనక్కి వాల్చండి. ఒక చేత్తో మాత్రం చెయ్యొద్దు. పోత ఇనుము, పది కిలోలకు పైనే ఉంటుంది. వెనక బందుల దగ్గరున్న రెండు చిన్న స్క్రూలు వదులు చేస్తే తల ఊడొస్తుంది. ఇంకొకరు పట్టుకుని ఉండగానే వదులు చెయ్యండి. కాలి వేళ్ల మీద పడితే ఆసుపత్రికే.

టార్చి వేసి కిందనుంచి చూడండి. పెద్ద సైజు తల కూర్చునే సందు సుమారు పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. అంచులు రంపంతో పెంచినట్టుంటే వేరే తల కోసం కోశారన్నమాట. బందుల పక్కన ఖాళీ స్క్రూ రంధ్రాలున్నా అనుమానించండి. స్టార్ స్క్రూలు 1930లకు ముందు లేవు, కాబట్టి అంతకంటే పాత బల్లకి అవి ఉంటే ఎవరో విప్పి బిగించారు. అడుగు భాగం నల్లబడి, తల కింద నూనె మరకలుండాలి. కొత్త వార్నిష్ మెరుస్తుంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

అంచున పొరలు కనిపించగానే "ప్లైవుడ్డు, నకిలీ" అని తీసిపారెయ్యకండి. అసలు బల్లలకి కూడా పైన పల్చటి చెక్క రేకు అతికించే ఉంటుంది. పైన కింద ఒకే టేకు దిమ్మ అయితే మన వడ్రంగి చేసిందే అవ్వొచ్చు. టేకు మంచిదే, కానీ అసలుది కాదు.

ఉప్పుకాగితం ముట్టుకోవద్దు. నీళ్లు వద్దు. స్పిరిట్ అసలే వద్దు, తల మీది బంగారు పువ్వులు దాంతోపాటే పోతాయి. ఒకాయన నేను వెళ్లేలోపు "బాగు చేయించి ఉంచాను" అన్నాడు. రేకు అరిగి కింది చెక్క తేలింది. ఏం చెప్పను?

వెల విషయానికొస్తే, ముందు పాత ఇనుము కొట్టులో తూకానికి ఎంతిస్తాడో అడగండి. అది మీ కనీస ధర. తర్వాత హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ లాంటి చోట అలాంటివే రెండు మూడు చూసి బేరమాడండి, కొనకపోయినా సరే. సొరుగులన్నీ ఉండాలి. ఒక్కోటి లేకపోతే నేను పావు వంతు కోస్తాను, అది నా లెక్క. పలక మార్చిందైతే సగం.

2009లో సౌదీలో సింగర్ మిషన్లలో "ఎర్ర పాదరసం" అనే విలువైన పదార్థం ఉందని పుకారు లేచి ధరలు ఆకాశాన్నంటాయి. అదంతా బూటకమే. అయినా ఇప్పటికీ లక్షలిస్తామని ఫోన్లు చేసేవాళ్లున్నారు. అడ్వాన్సు అడిగితే ఫోన్ పెట్టెయ్యండి.

కాళ్లు మాత్రమే మిగిలితే రాయి పలక వేసి హోటల్ బల్ల చేసుకునేవాళ్లు కొంటారు, అమ్మేయండి. పూర్తిగా ఉన్న బల్లని కాళ్ల కోసం విడగొట్టమని వచ్చేవాళ్లకి మాత్రం నేను తలుపు తియ్యను.