షాపుల దొంగ దొరికితే చెయ్యి ఎంత దాకా వేయొచ్చు? పట్టుకునే పద్ధతి ఇది

బతుకమ్మ, దసరా గిరాకీ మొదలైందంటే మన వరంగల్ బట్టల బజార్ల, హన్మకొండ చౌరస్తా దగ్గర షాపులల్ల ఇదే లొల్లి. ఎవరో ఒకరు చీర సంచిల ఏసుకొని పోతరు, సేల్స్ పిల్లగాండ్లు ఉరికి పట్టుకొని నాలుగు దంచుతరు, పొద్దుమీకే వరకు కేసు షాపు మీద. సామాన్ పోయినోని మీద కేసేంది అని సేట్లు నెత్తి పట్టుకుంటరు. చెయ్యి ఎక్కడ ఆపాలెనో ముందే చెప్పి పెడితే ఈ పంచాయితి ఉండదు.

ముందుగాల ఏర్పాట్లు. బిల్ కౌంటర్ తలుపు పక్కనే ఉండాలె, ట్రయల్ రూమ్ లోపలికి ఎన్ని పీసులు పోయినయో లెక్క ఉండాలె, కెమెరాల టైం సరిగ్గ ఉండాలె. ఇవి అందరికి తెలిసినయే, ఎక్కువ చెప్పేదేం లేదు.

తర్వాత చూసుడు. చట్టం ప్రకారమైతే దొంగబుద్ధితోని వస్తువును జరపంగనే దొంగతనం అయిపోతది, కానీ షాపుల పట్టుకుంటే "బిల్లు చేయించుకుందామనే పట్టుకున్న" అంటరు, దానికి మన దగ్గర జవాబు ఉండదు. అందుకే బిల్ కౌంటర్ దాటే దాకా ఎవ్వరు నోరు తెరవొద్దు. తీసింది కండ్లార చూసినోళ్లే ముందుకు పోవాలె, వాళ్లు చెప్పిండ్రు వీళ్లు చెప్పిండ్రు అంటే నడవదు.

ఆపుడు ఎట్లంటే, ఇద్దరు పోవాలె, అందుల ఒకరు ఆడోళ్లు ఉండాలె. ముగ్గురు వద్దు, కొత్తగ చేరిన పిల్లగాండ్లు అసలే వద్దు, వాళ్లకు చెయ్యి ముందు లేస్తది. తలుపుకు అడ్డంగ నిలవడి మెల్లగ "అమ్మా, ఒక పీసు బిల్లు కాలేదు, జర కౌంటర్ కాడికి రాండ్రి" అనాలె. దొంగ అన్న మాట నోట్ల నుంచి రావొద్దు. ఇట్ల మర్యాదగ అడిగితే ఎంత మంది అక్కడికక్కడే తీసి ఇస్తరో, ఒర్రేటోళ్లకు ఎన్నడు తెల్వదు.

ఇగ అసలు కష్టమైన ముచ్చట, సగం మంది ఆగమయ్యేది ఇక్కడనే. సొత్తును కాపాడుకునే హక్కు మనకు ఉంది, భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ జాగల వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 34, 35ల ఉంది, దొంగతనం అని పేరు వెట్టి మరీ ఉంది. కానీ 37 కూడా సదువాలె. కాపాడుకోనికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయొద్దు అంటది, పోలీసుల దగ్గరికి పోయే టైం ఉంటే ఆ హక్కే లేదంటది. సెక్షన్ 43 ఇంకా గట్టిది, సొత్తు వాపస్ వచ్చిందంటే హక్కు అక్కడితోని ఖతం. అంటే చీర వాళ్ల సంచిల ఉన్నంత సేపు ఒక లెక్క, కౌంటర్ మీదికి వచ్చినంక ఇంకో లెక్క. చీర చేతికి వచ్చినంక వేసే ఒక్క చెంపదెబ్బ కూడా కాపాడుకునుడు కాదు, అది మనం చేసిన నేరం.

కాబట్టి తలుపుకు అడ్డం నిలవడుండ్రి, సంచి పట్టుకోండ్రి, నూకేసి ఉరికితే రెట్ట పట్టి ఆపుండ్రి. అంతే. జుట్టు పట్టుడు, కాలు అడ్డం పెట్టి పడగొట్టుడు, కర్ర తీసుడు, ఏదీ వద్దు. రోడ్డు మీదికి వెంటవడొద్దు, బండ్ల కింద పడితే ఎవరు జవాబుదారి? బ్లేడో కత్తో తీస్తే అది దోపిడి దాకా పోతది, అప్పుడు ప్రాణం కాపాడుకునే హక్కు చట్టమే ఇస్తది, కానీ నా మాట ఇంటే దారి ఇడువుండ్రి, చీర మళ్ల వస్తది.

శిక్షల లెక్క పక్కపక్కన పెట్టి చూడుండ్రి. మామూలు దొంగతనానికి 3 ఏండ్ల దాకా. సామాన్ ఐదు వేల లోపుది, మొదటిసారి శిక్ష పడేటోళ్లు, సామాన్ వాపస్ ఇచ్చిండ్రంటే కమ్యూనిటీ సర్వీస్ (జనానికి పనికొచ్చే పని చేసే శిక్ష) తోని పోతది. అదే మన పిల్లగాడు కొట్టిన దెబ్బకు ఒక్క పన్ను విరిగినా, ఎముక చిట్లినా తీవ్ర గాయం కిందికి వస్తది, సెక్షన్ 117, 7 ఏండ్ల దాకా.

ఇగ కూసోబెట్టుడు. మామూలు మనిషి ఇంకో మనిషిని పట్టుకోవాలంటే నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) సెక్షన్ 40 ప్రకారం, తన ముందట జరిగిన కాగ్నిజబుల్ (పోలీసులు వారంట్ లేకుండ పట్టుకునేది), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగ దొరకనిది) నేరమై ఉండాలె. సామాన్ ఉంచే బిల్డింగుల దొంగతనం అని న్యాయ సంహిత సెక్షన్ 305 పెడితే అట్లనే అయితది, ఉత్త 303 (మామూలు దొంగతనం) పెట్టి ఐదు వేల లోపు అంటే కాదు. ఏ సెక్షన్ అన్నది పోలీసులు చూస్తరు, మనం అంత లోతు పోకుండ వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ కొట్టాలె. చట్టంల ఆరు గంటల గడువు ఉందని కొందరు పొద్దంత కూసోబెడుతరు. అనవసరమైన ఆలస్యం లేకుండ అప్పజెప్పాలె అన్నది ముందు మాట, ఆరు గంటలు దాని మీద హద్దు మాత్రమే. నిన్నటి ఫుటేజ్ చూసి ఇయ్యాల వచ్చిన మనిషిని పట్టుకునుడు కూడా తప్పే, అది మన ముందట జరిగినట్టు కాదు.

ఒక షాపుల నా కండ్లతోని చూసిన. మెట్ల కింద ఆడమనిషి, కొంగు గుంజి కిటికీ ఊచకు కట్టిండ్రు, పక్కన చిన్న బిడ్డ తల్లి చెయ్యి ఇడువకుండ ఏడుస్తుంది, సుట్టు ఫోన్లు పట్టుకొని వీడియోలు. టేబుల్ మీద దొరికిన సామాన్ రెండు జాకెట్ పీసులు. రెండు జాకెట్ పీసులకు ఒక మనిషి మానం తీస్తరా? తాళం వేసుడు, కట్టేసుడు అక్రమ నిర్బంధం. బట్టలు తడిమి సోదా చేసే అధికారం మనకు లేదు, "సంచి మీరే తెరువుండ్రి" అని అడగాలె, తెరవకపోతే పోలీసులు వచ్చేదాక ఆగాలె. ఆడోళ్ల మీద మగోళ్లు చెయ్యి వేయనే వేయొద్దు. ఎస్సీ, ఎస్టీ వాళ్లను కులం పేరు తీసి తిడితే అట్రాసిటీ కేసు. వాట్సాప్ గ్రూపుల ఫోటో పెడితే పరువునష్టం, పద్దెనిమిది నిండని పిల్లలైతే పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దనే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కూడా మెడకు పడతది. ధరకు పదింతలు కట్టు లేకుంటే లోపల ఏపిస్త అని బెదిరిచ్చి వసూలు చేసేటోళ్లు ఉన్నరు, అది జుర్మానా కాదు, బలవంతపు వసూలు కేసు.

కూసునే చోటు తలుపు తెరిచి, కెమెరా కనపడే కాడ ఉండాలె. కుర్చీ వేయాలె, మంచినీళ్లు ఇయ్యాలె, ఒక అక్క పక్కన కూసోవాలె. క్షమాపణ కాయితం రాపిచ్చుకునుడు చాన షాపులల్ల ఉంది, నేనైతే ఒప్పుకోను, భయపెట్టి రాపిచ్చిండ్రు అంటే ఆ కాయితం మన మీదికే తిరుగుతది.

పోలీసులు వచ్చినంక పీసు, దాని ట్యాగు, ధర రాసి ఇయ్యుండ్రి. ఫుటేజ్ పెన్ డ్రైవ్ ల ఇచ్చి ఊకుంటే సరిపోదు, సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ ఫుటేజ్ ఏ మిషిన్ల నుంచి ఎట్ల తీసిండ్రో రాసి ఇచ్చే కాయితం, జత చేయాలె. చూసినోళ్లు ఎవరికి వాళ్లు చూసింది మాత్రమే చెప్పాలె. రెట్ట పట్టి ఆపితే పట్టి ఆపినమనే రాయుండ్రి, దాయొద్దు, కెమెరాల అది ఉండనే ఉంటది.