హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదువుతూ ఒక సెమిస్టర్ జర్మనీ వెళ్లాలంటే ఎలా?

హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదివే మన పిల్లలు విదేశీ చదువు అనగానే రెండేళ్ల మాస్టర్స్, లక్షల్లో లోను గురించే ఆలోచిస్తారు. ఎక్స్ఛేంజ్ అనే దారి ఒకటుందని తెలిసేసరికి చాలామందికి ఆఖరి సెమిస్టర్ వచ్చేస్తుంది. ఈ పద్ధతిలో ఒక సెమిస్టర్ మాత్రం జర్మనీలో చదువుతారు, డిగ్రీ ఇచ్చేది మీ యూనివర్సిటీయే. ఫీజు ఇక్కడే కడతారు. అక్కడ మామూలుగా ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ లాంటి చిన్న ఖర్చులు మాత్రం ఉంటాయి.

ముందు ఒప్పందం సంగతి కనుక్కోండి. కనీసం ఏడాది ముందు మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లండి. జర్మనీలో ఏ యూనివర్సిటీతో ఒప్పందం ఉంది, అది మన డిపార్ట్‌మెంటుకు వర్తిస్తుందా, ఎన్ని సీట్లు అన్న మూడు విషయాలూ అడగండి. ఇంజనీరింగ్‌కే పరిమితమైన ఒప్పందం మీకు పనికిరాదు. మిమ్మల్ని నామినేట్ చేయాల్సింది మీ యూనివర్సిటీ, అప్లికేషన్ ఆ తర్వాతే. ఒప్పందం యూరోపియన్ యూనియన్ ఎక్స్ఛేంజ్ పథకమైన ఎరాస్మస్ ప్లస్ కింద ఉంటే నెలనెలా గ్రాంటు కూడా దొరకవచ్చు.

ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నారో తేల్చుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జర్మనీలో చట్టబద్ధ ఆరోగ్య బీమా 1883 నుంచీ ఉంది. అక్కడి ఆసుపత్రులకు చాలావరకు కేసుకు ఇంత అని డబ్బు వస్తుంది. ఆ పద్ధతిని డీఆర్‌జీ అంటారు. మన ఆరోగ్యశ్రీలోనూ ప్రొసీజర్‌కు ఇంత అని ప్యాకేజీ రేటు ఉంటుంది కదా! రేటు ముందే ఖరారైతే ఆసుపత్రి ఖర్చు ఎక్కడ తగ్గించుకుంటుంది? జర్మనీలో ఆ కోత నర్సుల మీద పడిందన్న విమర్శ బలపడి, 2020 నుంచి వార్డుల్లో నర్సింగ్ సిబ్బంది ఖర్చును డీఆర్‌జీ నుంచి విడదీశారు. రేపు ఇక్కడ ఆరోగ్యశ్రీ క్లెయిములు చూడబోయేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం ఏముంటుంది? ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్పే మోటివేషన్ లెటర్‌లో ఇలాంటి ఒక్క ప్రశ్న గట్టిగా రాయండి. "గ్లోబల్ ఎక్స్‌పోజర్ కావాలి" అని అందరూ రాస్తారు.

లెర్నింగ్ అగ్రిమెంట్ దగ్గర తొందరపడొద్దు. అక్కడ చదవబోయే కోర్సులు ఒకవైపు, వాటికి బదులుగా ఇక్కడ మాఫీ అయ్యే పేపర్లు ఇంకోవైపు రాసే పత్రం ఇది. మీరు, మీ యూనివర్సిటీ, అక్కడి యూనివర్సిటీ, ముగ్గురి సంతకాలూ ఉండాలి. యూరప్ యూనివర్సిటీల్లో చదువును ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్లతో కొలుస్తారు. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే 5 క్రెడిట్ల హెల్త్ ఎకనామిక్స్‌కు 125 నుంచి 150 గంటలు, ఇంట్లో కూర్చుని చదివే సమయంతో కలిపి. మన క్రెడిట్ల లెక్క వేరు. ఏ పేపర్‌కు ఏది సరిపోతుందో హెచ్‌ఓడీతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి, ఎగ్జామినేషన్ బ్రాంచికి ఒక కాపీ ఇవ్వండి. "వెళ్లి రా, తర్వాత చూద్దాం" అన్న నోటిమాట నమ్ముకుంటే, వచ్చాక అదే పేపర్ మళ్లీ రాయాల్సి రావచ్చు. అక్కడికి వెళ్లాక కోర్సు మారితే పత్రమూ మార్చి మళ్లీ సంతకాలు పెట్టించాలి.

వీసా, డబ్బు. 90 రోజులు దాటితే నేషనల్ వీసా కావాలి. ఖర్చులకు డబ్బుందని బ్లాక్డ్ అకౌంట్‌తోనో (ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) స్కాలర్‌షిప్ లెటర్‌తోనో చూపాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. ఇది మారుతూ ఉంటుంది కాబట్టి అప్లై చేసే ముందు ఎంబసీ వెబ్‌సైట్ చూసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. హాస్టల్ గదికి అడ్మిషన్ రాగానే అప్లై చేయండి, గదుల కోసం పోటీ ఎక్కువ.

జర్మన్ భాష. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉన్నా, ఆసుపత్రిలో మీటింగులు, ఫైళ్లు అన్నీ జర్మన్‌లోనే. ఇప్పటినుంచే మొదలుపెట్టండి. ఆసుపత్రి చూడటానికి తీసుకెళ్తే రోగి పేరున్న కాగితాన్ని, స్క్రీన్‌ని ఫొటో తీయొద్దు. డేటా రక్షణ చట్టం అక్కడ చాలా కఠినం.

జర్మనీ నుంచి తిరిగి బయల్దేరే ముందు ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) ఎప్పుడు, ఎలా పంపుతారో అక్కడి ఆఫీసులో కనుక్కోండి. ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకోండి. ఇక్కడ క్రెడిట్లు ఎక్కించేటప్పుడు మొదట అడిగేది అదే.