అంచులు లేచిపోతున్న బొంత గళ్లు సరయ్యాయి

విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న మంగళగిరి కాటన్ ముక్కలతో లాగ్ క్యాబిన్ బొంత కుడుతున్నాను. ఒక్కో గడికి మధ్యలో ఎర్ర చదరం, చుట్టూ సన్నటి పట్టీలు. వరుసలు పెరిగేకొద్దీ అంచులు అలల్లా లేచాయి, చాలా టెన్షన్ పడ్డాను. సన్న పట్టీ సాగుతుంది, అదీ కారణం. పడుగు (నిలువు దారాలు) వైపు కన్నా పేక (అడ్డ దారాలు) వైపు సాగుడు ఎక్కువ.

అందుకే పట్టీలన్నీ పడుగు వెంబడే, ఒకటిన్నర అంగుళం వెడల్పుతో కోశాను. రెండు వైపులా పావు అంగుళం కుట్టులో పోయి అంగుళం మిగులుతుంది. పొడవు కూడా ముందే కోయాలి: రెండున్నర అంగుళాల చదరం చుట్టూ వచ్చే నాలుగు పట్టీలకి వరుసగా 2½, 3½, 3½, 4½ అంగుళాలు. గుండుసూదులు గుచ్చాకే కుట్టండి. ఇస్త్రీపెట్టెతో రుద్దొద్దు, పైనుంచి అదిమి తీయండి. నా గళ్లని నిలబెట్టింది ముఖ్యంగా ఇదే. చుట్టు పూర్తయ్యాక గడి నాలుగు వైపులా 4½ రావాలి, లేకపోతే అక్కడే విప్పేయండి.