వాగు బాగుందో లేదో రాయి తిప్పి తెలుసుకోవడం

బెంగళూరు చుట్టుపక్కల వాగులు ఏడాది పొడవునా పారేవి కావు. ఊరు ఎత్తు మీద ఉంది, పెద్ద నది లేదు. వానాకాలంలో పారి, ఫిబ్రవరి దాటాక చాలావాటిలో మడుగులే మిగులుతాయి. కప్పలూ చేపలూ వేసవి గట్టెక్కేది ఆ మడుగుల్లోనే, కాబట్టి ఎండిన వాగును చూసి చచ్చిపోయిందనుకోవద్దు. ఏప్రిల్‌లో కూడా నిండుగా పారే కాలువనే అనుమానించాలి. బెంగళూరు మురుగు మోసే వృషభావతి నది మాదిరిగా అందులో పారేది చాలావరకు ఇళ్ల నీరే. తేల్చుకోవాలంటే ఒకే చోట ఉదయం ఆరింటికోసారి, పదింటికోసారి లోతు కొలవండి. వాన లేకుండా మట్టం పెరిగిందంటే పైన ఎక్కడో స్నానాలు, బట్టలుతకడం నడుస్తున్నట్టే.

పరీక్షకు నవంబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. పెద్ద వాన పడితే రెండు వారాలు ఆగండి. వరద రాళ్ల కింది పురుగుల్ని ఊడ్చేస్తుంది, అప్పుడు వెళితే మంచి వాగు కూడా ఖాళీగా కనిపిస్తుంది.

ఆనేకల్ దాటాక ముత్యాల మడువు వైపో, కనకపుర రోడ్డు మీంచి వెళ్లే తొట్టికల్లు వైపో 100 మీటర్ల ముక్క ఎంచుకోండి. అందులో రాళ్ల మీద గలగలా పారే చోటూ ఉండాలి, మడుగూ ఉండాలి. బన్నేరుఘట్ట అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అడవి అంచున కూడా ఏనుగులు తిరుగుతాయి, తెల్లవారుజామున, సందె వేళ అక్కడ ఉండొద్దు. మురుగు కలిసే చోట రబ్బరు బూట్లు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎలుక జ్వరం కాలి పగుళ్లలోంచి కూడా పాకుతుంది.

కావలసినవి: 30 మీటర్ల టేపు, గీతలు పెట్టిన కర్ర, థర్మామీటరు, సన్న కన్నాల వంటింటి జల్లెడ, తెల్ల ట్రే, భూతద్దం, ఆక్సిజన్ కొలిచే కిట్టు, నీటిలో కరిగిన లవణాలు చూపే, మంచినీళ్ల ఫిల్టరు వాళ్లు వాడే టీడీఎస్ పెన్ను, ఒక బత్తాయి.

దిగువ నుంచి ఎగువకు నడవండి. పైనుంచి మొదలుపెడితే మీరు లేపిన బురదే మీ నమూనాలోకి వస్తుంది. ఆక్సిజన్, వేడిమి ఇంకా నీళ్లలో కాలు పెట్టకముందే చూడాలి. సీసాను నీటిలో ముంచి, లోపలే మూత పెట్టండి. చిన్న గాలిబుడగ మిగిలినా లెక్క పైకి పోతుంది. కిట్టులోని మొదటి రెండు మందులు వేశాక గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే దాదాపు లేనట్టే. నీరు 25 డిగ్రీలుంటే 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరులో లీటరుకు సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే పడుతుంది. చేపలకూ వన్యప్రాణులకూ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు కనీసం 4. మిట్టమధ్యాహ్నం కొలిచి మురిసిపోయేవాళ్లు చాలామంది. పాచి ఉన్న నీటిలో పగలు ఆక్సిజన్ పొంగుతుంది, రాత్రంతా తరిగి తెల్లవారేసరికి బాగా పడిపోతుంది. చేపలు చచ్చేది అప్పుడే. అడవి అంచున తెల్లవారుజామున వెళ్లలేరు కాబట్టి ఎండెక్కేలోపు కొలిచి, అంకె పక్కన టైము రాసుకోండి. టైము లేని అంకె ఎందుకూ పనికిరాదు.

ప్రవాహం కొలవడం తేలిక. 10 మీటర్లు కొలిచి బత్తాయి వదలండి, మూడుసార్ల సగటు తీయండి. పైపొర వేగంగా కదులుతుంది కాబట్టి 0.85తో గుణించాలి. 25 సెకన్లు పడితే వేగం సెకనుకు 0.34 మీటర్లు. వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 20 సెంటీమీటర్లయితే సెకనుకు 136 లీటర్లు.

అసలు పని రాళ్ల దగ్గర. గలగలా పారే చోట అరచేతంత రాయిని పైకెత్తండి. మట్టిలో కూరుకున్నంత మేర ఒక రంగు, పైన మరో రంగు ఉంటుంది, మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. కూరుకున్నది పావు వంతులోపైతే బాగున్నట్టు, సగం దాటితే సందులు పూడుకుపోయినట్టు. పురుగులు బతికేది ఆ సందుల్లోనే. నీరు అద్దంలా ఉన్నా ఎగువన నేల తవ్వితే ఒక్క వానకు ఆ ఇళ్లన్నీ మూసుకుపోతాయి. అందుకే నీటి రంగు కంటే ఈ గీతనే ఎక్కువ నమ్మాలి. ఇలా ఇరవై రాళ్లు చూడండి. దిగువన జల్లెడ పట్టి, రాయి అడుగుభాగాన్ని చేత్తో రుద్ది, పడినదాన్ని ట్రేలో నీళ్లు పోసి వదలండి. ఒక నిమిషం కదపకుండా ఉంచితే కదలికలు కనిపిస్తాయి.

పొట్టకు ఇరుపక్కలా మొప్పలు ఆడిస్తూ, ఎక్కువగా మూడు తోకలతో ఉండేది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. సూదితూనీగ పిల్లకూ చివర మూడు ఉంటాయి గానీ అవి ఆకుల్లా వెడల్పు, పొట్ట పక్కన సాధారణంగా ఏమీ ఉండవు. ఈ రెండిటినీ కలిపేసేవాళ్లే ఎక్కువ. ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకునేది క్యాడిస్ పురుగు పిల్ల. రాయికి అతుక్కున్న గుండ్రటి నాణెంలాంటిది ఒక నీటి పెంకుపురుగు పిల్ల. మేఫ్లై, క్యాడిస్, నాణెం పురుగుల్లో రెండు మూడు రకాలు కలిసి ఉంటే వాగు ఊపిరి పీల్చుతున్నట్టే. ఒక్క మేఫ్లై దొరికిందని తీర్పు ఇవ్వకండి, కొన్ని జాతులు కొంత మురుగును తట్టుకుంటాయి. ఎర్ర పురుగులు నాలుగైదు ఎక్కడైనా ఉంటాయి, అవి మాత్రమే ఉంటే ఆక్సిజన్ బాగా తక్కువన్నమాట. తోకలాంటి గొట్టాన్ని నీటిపైకి చాపి గాలి పీల్చే పురుగు కనిపిస్తే ఇక పరీక్షే అక్కర్లేదు.

చూశాక ప్రతి రాయినీ తీసిన చోటే, అదే ముఖం కిందికి పెట్టండి.

పక్షుల విషయంలో తొందర వద్దు. తెల్ల కొంగలు మురుగు కాలువలోనూ గుంపులుగా దిగుతాయి. తెల్లగొంతు లకుముకి పిట్ట తొండల్నీ మిడతల్నీ తిని బతికేస్తుంది, దాన్ని చూసి చేపలున్నాయనుకోకూడదు. చిన్న నీలి లకుముకి పిట్ట కనిపిస్తే అది వేరే మాట. దానికి చిన్న చేపలు కావాలి, గూడు తవ్వడానికి నిట్టనిలువు మట్టిగట్టు కావాలి. గట్టుకు సిమెంటు గోడ కట్టిన రోజే దాని గూడు పోయింది. గట్టున కానుగ, నేరేడు, మద్ది ఉన్నాయా, నీటి మీద నీడ ఎన్ని వంతులో కూడా రాయండి. రాలిన ఆకే చాలా పురుగులకు తిండి, నీడ తీసేస్తే నీరు వేడెక్కి పాచి కడుతుంది. మడుగులో జిలేబీ చేప (తిలాపియా), దోమలకని వదిలిన గాంబూసియా, అక్వేరియం నుంచి పారేసిన దెయ్యం చేప (సకర్ చేప) కనిపిస్తే విడిగా నమోదు చేయండి. గాంబూసియా తోకకప్పల్ని కూడా తింటుంది.

చివరగా టీడీఎస్ పెన్నుతో ఎగువకు నడుస్తూ 50 మీటర్లకోసారి చూడండి. అంకె ఒక్కసారిగా దిగిన చోటికీ దాని ముందు చోటికీ మధ్యలోనే పైపో కాలువో కలుస్తోంది. ఆ చోటు ఫోటో, మ్యాపు గుర్తు, తేదీ, టైము పెట్టి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాస్తే, «వాగు పాడైపోయింది» అన్న ఉత్తరం కంటే దానికి విలువ ఉంటుంది.