ఇంటి తోటకు గార్డెన్ డిజైనర్‌ను పెట్టుకోవడం ఎలా?

గేటు రంగు కోసం నాలుగు షాపులు తిరిగేవాళ్లు కూడా తోట దగ్గరకు వచ్చేసరికి, గృహప్రవేశం ఇంకా పది రోజులుందనగా నాకు ఫోన్ చేస్తారు. "మంచి గార్డెన్ అతను ఎవరైనా ఉంటే చెప్పండి" అని. మా ఇల్లు, కొంపల్లిలో మా తమ్ముడి ఇల్లు, విజయవాడలో మా తోడికోడలి ఇల్లు, శంకర్‌పల్లి వైపు ఒక స్నేహితురాలి ఫామ్‌హౌస్. ఇప్పటికి ఈ నాలుగు తోటలకూ డిజైనర్లతో మాట్లాడింది నేనే. మొదటిది, అంటే మాదే, తగలడింది. లక్షా నలభై వేలు మట్టిలో పోశాం. అప్పటి నుంచి ఎవరైనా అదే తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

అసలు డిజైనర్ అవసరమా?

బాల్కనీకి, పది కుండీలకు అక్కర్లేదు. ఇంటి చుట్టూ నాలుగడుగుల సందు మాత్రమే ఉంటే ఒక మంచి మాలి చాలు. 500 చదరపు అడుగులకు తగ్గకుండా మట్టి నేల ఉండి, అందులో నడక దారి, లైట్లు, నీటి పైపులు కూడా రావాలనుకుంటే అప్పుడు డిజైనర్‌ను పిలవండి.

ఎవరిని పిలవాలి?

మన దగ్గర ఈ పని చేసేవాళ్లు మూడు రకాలు. లాండ్‌స్కేప్ చదువుకున్న ఆర్కిటెక్టులు, పని చేస్తూ నేర్చుకున్న డిజైనర్లు, డిజైన్ కూడా చేస్తామనే నర్సరీవాళ్లు. ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. గార్డెన్ డిజైనర్ బోర్డుకు అలాంటి షరతేమీ లేదు, రేపు నేను కూడా పెట్టుకోవచ్చు. కాబట్టి విజిటింగ్ కార్డు చూసి నమ్మకండి. చదువు లేకపోయినా చేతిలో పనితనం ఉన్నవాళ్లను చూశాను, డిగ్రీ ఉండి వేపకూ తురకవేపకూ తేడా చెప్పలేనివాళ్లనూ చూశాను.

నాది మాత్రం ఒకటే రూలు. బొమ్మ గీసే మనిషి మొక్కలు అమ్మకూడదు. "డిజైన్ ఫ్రీ, మొక్కలు మా దగ్గరే తీసుకోండి" అన్నారంటే ఆ ఫ్రీ ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారి ఆలోచించండి. నాలుగు మొక్కలు చాలిన చోట పద్నాలుగు గీస్తారు. పైగా వాళ్ల దగ్గర మిగిలిపోయిన సరుకేదో అదే మీ ఇంటికి "బాగా సూటవుతుంది". మా ఇంట్లో నలభై ఎరికా పామ్‌లు దిగింది ఇలాగే. మా తమ్ముడు డ్రాయింగ్ ఒక్కదానికే పాతికవేలు ఇచ్చి, అందులోని మొక్కల లిస్టు పట్టుకుని కడియం నర్సరీలకు వెళ్లి లారీ మాట్లాడుకున్నాడు. అంతా కలిపి చూస్తే మా ఖర్చులో సగం కాలేదు.

పిలిచే ముందు

ఇంటి ప్లాను జిరాక్సు తీసి, సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, డ్రైనేజీ పైపు ఎక్కడున్నాయో దాని మీద గుర్తు పెట్టండి. ఎండ ఎక్కడ పడుతుందో తెలిసేలా తోట స్థలాన్ని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫొటోలు తీయండి. బడ్జెట్ మీరు నిజంగా పెట్టగలిగినదానికంటే ఇరవై శాతం తగ్గించి చెప్పండి. ఫిబ్రవరిలో మాటలు మొదలుపెడితే జూన్, జులై వానలకు మొక్క నేలలో ఉంటుంది. ఏప్రిల్‌లో నాటే డిజైనర్ ఎంత పేరున్నవాడైనా నాకు వద్దు.

వాస్తు పట్టింపు ఉంటే మొదటి రోజే చెప్పేయండి. నాకు లేదు, మా అత్తగారికి ఉంది. ఈశాన్యంలో నాటిన సంపెంగను ఆవిడ మూడో రోజునే పీకించారు. పెద్ద చెట్లు పడమర, దక్షిణం వైపు ఉండాలన్న మాట మాత్రం ఎవరికైనా పనికొస్తుంది, సాయంత్రపు ఎండ గోడ మీద పడకుండా ఆపుతాయి.

ఇక డిజైనర్ పాత పనులు చూడాలంటే ఫోన్‌లో ఫొటోలు చూడటం దండగ. నాటిన వారానికి ఏ తోటైనా పెళ్లికూతురులాగే ఉంటుంది. రెండేళ్ల క్రితం చేసిన తోట ఒకటి చూపించమనండి. ఆ ఇంటివాళ్లతో డిజైనర్ పక్కన లేనప్పుడు రెండు నిమిషాలు మాట్లాడండి. అంతే.

డ్రాయింగ్ ఒప్పుకునే ముందు

తొంభై శాతం మంది చేయి కాల్చుకునేది ఇక్కడే. ఇక్కడ మాత్రం తొందర పడొద్దు.

డిజైనర్ ముందుగా లాప్‌టాప్ తెరిచి త్రీడీ బొమ్మ చూపిస్తారు. సాయంకాలపు వెలుతురు, గుబురు చెట్లు, ఎక్కడా ఎండుటాకు ఉండదు. ఇంట్లో అందరూ "అబ్బ, ఎంత బాగుందో" అంటారు, అడ్వాన్సు చేతులు మారుతుంది. ఆ బొమ్మలోవి అయిదారేళ్లు పెరిగిన చెట్లు. మీ ఇంటికి వచ్చేది సంచీలో ఉన్న రెండడుగుల కొమ్మ. అందుకే త్రీడీ పక్కన పెట్టి, స్కేలుతో గీసిన మామూలు ప్లాను అడగండి. నాటిన రోజు ఎలా ఉంటుందో, మూడేళ్లకు ఎలా ఉంటుందో రెండూ గీసివ్వమనండి. కుదరదన్నవాళ్లకు నమస్కారం పెట్టి పంపేయండి.

ప్లాను చేతికొచ్చాక అందులోని గుండ్రాలు కొలవండి. 1:50 స్కేలులో కాగితం మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక మీటరు. మా ఇంట్లో ట్రావెలర్స్ పామ్‌కు గీసిన గుండ్రం సరిగ్గా 2 సెంటీమీటర్లే ఉంది. అప్పుడు నాకు కొలవాలని తెలియదు. ఆ మొక్క విసనకర్రలా విచ్చుకుంటే పది అడుగులు దాటుతుంది. దాన్ని కాంపౌండు గోడకు రెండడుగుల దూరంలో నాటారు. మూడో ఏడు పక్కింటివాళ్ల కిటికీలోకి ఆకు వెళ్లింది, మాటలు కూడా వెళ్లాయి. చివరికి రంపం పెట్టించాం. సంపు పక్కన ఫైకస్ జాతి మొక్క, అంటే మర్రి, రావి లాంటిది, గీసి ఉంటే దాన్ని అక్కడే కొట్టేయండి. దాని వేళ్లు నీళ్లను వెతుక్కుంటూ పోయి సన్నటి పగులులో కూడా దూరతాయి. కారు నిలిపే చోట రాయల్ పామ్ వద్దు, దాని మట్ట రాలితే పది కిలోలు పైనుంచి పడ్డట్టే. గోడ వెంట పచ్చగా, త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ పెడతామంటారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. ఇంకా మనకెందుకు?

తర్వాత మొక్కల లిస్టు. "గన్నేరు 12, నూరువరహాలు 20" అని తెలుగులో రాసిస్తే ముద్దుగానే ఉంటుంది, సరుకు దిగాక గొడవ మొదలవుతుంది. గన్నేరు వేరు, పచ్చగన్నేరు వేరు, దేవగన్నేరు వేరు, బిళ్ళగన్నేరు వేరు. ఒకటి పొద, ఒకటి చెట్టు, ఒకటి మోకాలెత్తు మొక్క. పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది, పిల్లలున్న ఇంట్లో దానికి చోటే ఇవ్వకూడదు. నూరువరహాలంటే కొందరికి గుత్తులుగా పూసే ఇక్సోరా, కొందరికి దేవగన్నేరు. అందుకే ప్రతి మొక్కకూ శాస్త్రీయ నామం, సంచీ సైజు, ఎత్తు, ఎన్ని అన్నవి నాలుగూ ఉండాలి. సంచీ సైజు ఎందుకంటే నర్సరీలో రేటు దాన్ని బట్టే. 12 అంగుళాల సంచీలోని మొక్కకూ 21 అంగుళాల దానికీ ధరలో పొంతనే ఉండదు. లిస్టులో పేరొక్కటే ఉంటే ఇంటికి చిన్నదే వస్తుంది, బిల్లు పెద్దదే వస్తుంది.

లాన్ గీసి ఉంటే కాగితం, పెన్ను తీసుకోండి. 500 చదరపు అడుగులంటే దాదాపు 46 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలనుకుంటే, ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు కాబట్టి, రోజుకు 230 లీటర్లు. నెలకు దాదాపు ఏడు వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు ఒకటి చాలదు. మే నెలలో మీ బోరు సంగతి మీకే తెలుసు. నన్నడిగితే హైదరాబాద్‌లో లాన్ అనేది కూతురి పెళ్లికి వేసిన షామియానా లాంటిది, చూడటానికి బాగుంటుంది గానీ ఏడాదంతా ఉంచుకోలేం. చాప వేసుకుని కూర్చునేంత ముక్క చాలు, మిగతాది పొదలకు వదిలేయండి. కొలను గీసినా కొట్టేయండి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు నిలవ నీళ్లలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముగ్గుపిండి. అవును, ముగ్గుపిండే. డ్రాయింగ్‌లో ఉన్నవన్నీ కొలత ప్రకారం నేల మీద గీయించండి. దారి ఇక్కడ, బెంచీ ఇక్కడ, చెట్టు గుండ్రం ఇంత అని. విజయవాడలో ఇలాగే గీయించాం. బెంచీ గుర్తు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి, సాయంత్రం నాలుగింటికి మా తోడికోడలిని కూర్చోమన్నాను. చీర కొంగు నెత్తిన కప్పుకుని రెండు నిమిషాలు కూర్చుంది. "అక్కా, ఇక్కడ కూర్చుంటే వడియాలతోపాటు నేను కూడా ఎండిపోతాను" అని లేచింది. పడమటి ఎండ తిన్నగా మొహం మీదే. డిజైనర్ పాపం ఉదయం పూట వచ్చి చూసి వెళ్లాడు. ఇంకో ఎనిమిది అడుగులు జరిపితే పక్కింటి మామిడిచెట్టు నీడ దొరికింది. గ్రానైటు పరిచాక ఈ మాట తెలిసి ఉంటే పగలగొట్టాల్సి వచ్చేది.

అదే రోజు గడ్డపార తెప్పించి రెండు చోట్ల రెండేసి అడుగుల గుంట తవ్వించండి. చాలా ఇళ్లలో పైన ఎర్రమట్టి పరిచి ఉంటుంది, కింద బిల్డరు వదిలేసిన ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు. గుంట నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి నీళ్లు అలాగే ఉంటే అక్కడ వేరు కుళ్లుతుంది. ఇదంతా అయ్యాకే సంతకం.

ఒప్పందం, డబ్బులు

డిజైన్‌కు ఒక కాగితం, మొక్కలకు ఒకటి, రాళ్లు, పైపులు, కరెంటు పనికి ఇంకొకటి. గంపగుత్తగా రాయనివ్వకండి. బతికున్న మొక్కల మీద జీఎస్‌టీ లేదు, డిజైన్ సేవ మీద 18 శాతం ఉంది. అంతా కలిపి ఒకే కాంట్రాక్టు చేస్తే మొత్తం మీద పన్ను పడే వీలుంటుంది. పని జరుగుతున్నప్పుడు డిజైనర్ ఎన్నిసార్లు స్వయంగా వస్తారో అంకె వేసి రాయించండి. "మధ్యమధ్యలో వస్తాను" అన్న మాటకు అర్థం లేదు. మూడు నెలల్లోపు చచ్చిన మొక్క స్థానంలో అదే సైజు మొక్క పెట్టాలని కూడా రాయించండి, "అదే సైజు" అన్న మాటతో సహా. మొక్కలు నాటే కాంట్రాక్టరుకు ఇచ్చేదాంట్లో అయిదో వంతు ఆ మూడు నెలలు మీ దగ్గరే ఉంచుకోండి. మొహమాట పడితే ఆ డబ్బూ రాదు, ఆ మొక్కా రాదు.

పని మొదలయ్యాక

మొక్కలు నాటే మట్టిలో పశువుల ఎరువు, వేపపిండి కలిపేటప్పుడు మీరు ఇంట్లో ఉండండి. మొక్క నాటేటప్పుడు నల్ల కవరు పూర్తిగా తీసేస్తున్నారా, కింద మాత్రమే కోసి అలాగే పాతేస్తున్నారా చూడండి. సాయంత్రం అయిదు దాటాక, కూలీలు తొందరలో ఉన్నప్పుడు జరిగే పని ఇది. మా ఇంట్లో చచ్చిన మొక్కను పీకితే వేరు మొత్తం కవరులోనే చుట్టలు చుట్టుకుని ఉంది.

పైపులు, వైర్లు పూడ్చే ముందు పక్కన టేపు పరిచి, గోడ నుంచి ఎన్ని అడుగులో అంకె కనపడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రెండేళ్లకు ఏ మాలి అయినా గునపం ఎక్కడ దింపాలని మిమ్మల్నే అడుగుతాడు.