మడమల పగుళ్లు: నూనెకంటే ముందు నీళ్లు

బుడ్డలు (వేరుశెనగ) పీకడం అయిపోయి చలిగాలి మొదలైందంటే అనంతపురం పక్క పల్లెల్లో మడమలు పగలని ఇల్లు తక్కువ. రాత్రి పడుకునేముందు ఇంత కొబ్బరినూనె పూసుకుంటారు. తెల్లారేసరికి అది దుప్పటికి అంటుకుంటుంది, పగులు మాత్రం పగులుగానే ఉంటుంది. తప్పు నూనెది కాదు, వరసది. ఎండిన చర్మానికి నూనె తడి ఇవ్వదు, లోపలున్న తడికి మూత వేస్తుందంతే. ఆ తడి ముందు మనం పట్టించాలి.

అరికాలి చర్మంలో చెమట గ్రంథులే తప్ప నూనె గ్రంథులు ఉండవు. అందుకే పొడిగాలికి ముందు ఎండేది అదే. వట్టికాళ్లతో తిరిగినా, వెనక పట్టీ లేని చెప్పులేసుకున్నా మడమ అంచు కాయ కాస్తుంది. అడుగేసినప్పుడల్లా ఒంటి బరువుకు మడమలోని కొవ్వు పక్కలకు ఒత్తుకొస్తుంది. మెత్తటి చర్మమైతే సాగుతుంది, కాయ కాచింది సాగలేక చీలుతుంది.

రోజూ రాత్రి పనులన్నీ అయ్యాక బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి 15 నిమిషాలు కాళ్లు పెట్టండి. సలసల కాగే నీళ్లొద్దు, సర్ఫూ సోడా అసలొద్దు, అవి ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి. వారానికి రెండు మూడుసార్లు మాత్రం, చర్మం నానాక కాళ్లు రుద్దే ప్యూమిస్ రాయితో మెల్లగా రెండు నిమిషాలు రుద్దాలి. ఎర్రబడితే ఆపేయాలి. ఒక్కరోజులో నున్నగా చేద్దామని గట్టిగా తోమితే చర్మం ఇంకా మందమెక్కుతుంది. బ్లేడుతో చెక్కడం, ఇటుకముక్కతో గీకడం మానుకోండి.

గుడ్డతో అద్దుకున్నాక, చెమ్మ ఆరకముందే, మూడు నిమిషాల్లోపు యూరియా క్రీము రాయాలి. చేనుకు చల్లే యూరియా కాదు, మెడికల్ షాపులో ట్యూబుగా దొరికేది. మామూలు పగుళ్లకు 10 శాతం, బాగా మందంగా ఉంటే 20 నుంచి 25 శాతం. పచ్చిగా ఉన్న పగులులోకి పోతే మండుతుంది, చుట్టూ రాస్తే చాలు. పైన పెట్రోలియం జెల్లీ పట్టించి నూలు సాక్సులు వేసుకుని పడుకోండి. పొద్దున మళ్లీ ఒకసారి జెల్లీ. మందంగా పేరుకున్నది దిగడానికి నెల పైనే పట్టొచ్చు. తగ్గిందని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది, రాత్రిపూట జెల్లీ కనీసం శివరాత్రి దాకా సాగాలి.

ఇంట్లోనే చేసుకుంటామంటే తేనెమైనం ఒక వంతు, ఆముదమో కొబ్బరినూనో నాలుగు వంతులు. గిన్నెను వేడినీళ్లలో ఉంచి కరిగించి, పూర్తిగా చల్లారి గట్టిపడ్డాకే వాడాలి. కరిగిన మైనాన్ని వేడివేడిగా పగుళ్లలో పోసే అలవాటు కొందరికి ఉంది. కాలడం ఒకటి, మురికిని లోపలే మూసేయడం ఇంకొకటి.

రక్తం వస్తుంటే రాయి ముట్టొద్దు. సబ్బునీళ్లతో కడిగి, జెల్లీ రాసి, శుభ్రమైన గుడ్డ కట్టండి. పేడలో, మట్టిలో పనిచేసేవాళ్లకు ఇది ధనుర్వాతానికి దారి. సూది వేయించుకుని ఐదేళ్లు దాటితే పీహెచ్‌సీలో అడగండి. మడమ వాచి, వేడెక్కి, చీము పడితే ఇంటివైద్యం ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి. అరికాలంతా పిండి రాలుతూ, వేళ్ల సందులు పాచి దురదపెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. దానికి మందు వేరు. స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పూస్తే నాలుగు రోజులు హాయిగా ఉండి, తర్వాత ఇంకా పాకుతుంది.

సుగరున్నవాళ్లకు పైన చెప్పిన నానబెట్టడం, రాయి రుద్దడం రెండూ వద్దు. నీళ్ల వేడి కాలికి తెలియక బొబ్బలెక్కుతుంది, రాయి గీసిన చిన్న గీత పుండవుతుంది. మామూలుగా కడిగి, తుడిచి, జెల్లీ రాసి, అద్దంలో రోజూ అరికాలు చూసుకోవాలి. లోతైన పగులు నొప్పి లేకుండా ఉందంటే సంతోషించే మాట కాదు. కళ్లు మూసుకోమని దూది తాకించి చూడండి. తెలియకపోతే సుగరు గానీ కుష్టు గానీ నరాలను దెబ్బతీసి ఉండొచ్చు. కుష్టుకు మందు పీహెచ్‌సీలో ఉచితమే, ఆలస్యమే ప్రమాదం.

చెప్పుల సంగతి: వెనక పట్టీ ఉన్నవి, మడమ కింద మెత్తగా ఉండే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) రకమైతే మంచిది. ఇంట్లో గచ్చు మీద కూడా వేసుకోవాలి. బట్టలుతికి సర్ఫు నీళ్లలో నిలబడ్డ రోజు, కాళ్లు మంచినీళ్లతో కడిగి ఆ చెమ్మ మీదే జెల్లీ రాయాలి.