డుబాయిస్ పద్ధతిలో మన వీధి సర్వే

సోషియాలజీ ప్రాజెక్టు అనగానే చాలామంది గూగుల్ ఫారం లింకు వాట్సాప్‌లో పడేసి చేతులు దులుపుకుంటారు. అమెరికా నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్ అలా చేయలేదు. 1895లో హార్వర్డ్ పీహెచ్‌డీ, మరుసటేడు ఫిలడెల్ఫియా నగరం ఏడో వార్డులో సర్వే. తొమ్మిది వేల పైచిలుకు నల్లజాతివారి కోసం ఇల్లిల్లూ తిరిగారు. కుటుంబం, వ్యక్తి, ఇల్లు, వీధి, సంస్థ, ఇళ్లలో పనివాళ్లు: ఆరు రకాల ఫారాలు. 1899లో అది పుస్తకమైంది.

మీకు కుటుంబం, ఇల్లు, వీధి ఫారాలు చాలు. తిరుపతి కోర్లగుంటలో ఒక వీధి, 40 ఇళ్లు తీసుకోండి. ముందు పటం గీసి నంబర్లు వేయండి. ఒకే మెట్ల మీద మూడు వాటాలుంటే 12ఎ, 12బి, 12సి. లెక్క తప్పేది ఇక్కడే: వాటా వదిలేస్తే అద్దెకున్నవాళ్లే మాయమైపోతారు. కొండ మీద షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు ఒక్క పూటలో దొరకరు; వేళ మార్చి మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ తాళమే ఉంటే ‘దొరకలేదు’ అని రాయండి, పక్కింటివాళ్ల మాట రాయొద్దు.

జీతంతో మొదలుపెడితే కాఫీ ఇచ్చి సాగనంపుతారు. ముందు కొళాయి నీళ్ల సంగతి అడగండి, ఆదాయం ఆఖర్న. డుబాయిస్ ఇళ్లను అందులోని కుటుంబాల సామాజిక స్థితిని బట్టి నాలుగు తరగతులు చేసి పటంలో రంగులేశారు. మీరూ వేయండి, పేర్లు మాత్రం వద్దు.